పుట్టిన తేదీ ఒక రోజు వెనక్కి ఎందుకు పోతుంది?

ఆన్‌లైన్‌లో దరఖాస్తులు నింపేవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఫారంలో పుట్టిన తేదీ 1998 ఆగస్టు 15 అని ఎంచుకుంటే, దరఖాస్తు పంపిన తరవాత వచ్చే కాగితంలో ఆగస్టు 14 అని ఎందుకు కనిపిస్తుంది? నింపినవాళ్ళు తప్పు నొక్కలేదు. మధ్యలో ఎవరూ దిద్దలేదు. యంత్రం కూడికలోనూ తీసివేతలోనూ పొరబడలేదు. అయినా ఒక రోజు మాయమైంది. కోట్ల సంఖ్యలను క్షణంలో కూడగలిగిన కంప్యూటరు గోడమీది క్యాలెండరు ముందు తడబడటం మొదట వింతగానే తోస్తుంది.

ఈ తడబాటుకు మూలం మన మాటలోనే ఉంది. తేదీ అనే ఒకే పేరుతో మనం మూడు వేర్వేరు విషయాలను పిలుస్తున్నాం. గడిచిన రోజుల లెక్క ఒకటి. ఆ రోజుకు క్యాలెండరు పెట్టిన పేరు, అంటే ఏడు, నెల, రోజు, రెండోది. ప్రపంచమంతటికీ ఒకేసారి వచ్చి పోయే క్షణం మూడోది. మనుషులు సందర్భాన్ని బట్టి ఏది కావాలో గ్రహించి సర్దుకుంటారు. యంత్రానికి ఆ గ్రహింపు లేదు. వెబ్‌సైట్లలో, డేటాబేసుల్లో తేదీల చుట్టూ వచ్చే పొరపాట్లలో చాలావాటికి కారణం, ఈ మూడింటిలో ఏది కావాలో ముందుగా తేల్చుకోకపోవడమే. ఆ సంగతిని ఒక్కో మెట్టుగా చూద్దాం.

రోజులకు వరుస సంఖ్యలు

ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్ 1956 నవంబరు 1న అవతరించింది. ఈ రెండింటి మధ్య ఎన్ని రోజులు గడిచాయి? చేత్తో లెక్క వేస్తే మూడేళ్ళకు 1095, మధ్యలో 1956 ఫిబ్రవరి 29 వచ్చింది కాబట్టి ఇంకొకటి, అక్టోబరు నెలకు 31, వెరసి 1127. జాగ్రత్తగా చేస్తే ఈ లెక్క కుదురుతుంది. కానీ ఏ ఏడాదికి లీపు ఉంది, ఏ నెలకు ముప్పై, ఏ నెలకు ముప్పై ఒకటి అని ప్రతిసారీ చూసుకుంటూ పోవాలి. ఇంతకంటె తేలికైన దారి ఉంది. రహదారి మీద రెండు ఊళ్ళ మధ్య దూరం కావాలంటే ఊళ్ళ పేర్లు పనికిరావు. రోడ్డు పక్కన నాటిన కిలోమీటరు రాళ్ళ మీది అంకెలు చూసి, పెద్దదానిలోంచి చిన్నది తీసేస్తే చాలు. అలాగే ప్రతి రోజుకూ ఒక వరుస సంఖ్య ఇచ్చేస్తే రెండు రోజుల మధ్య దూరం ఒక్క తీసివేతతో తేలిపోతుంది. ఆ సంఖ్యను ఏడుతో భాగిస్తే మిగిలే శేషం వారాన్ని కూడా చెప్పేస్తుంది.

మన సిద్ధాంత గ్రంథాలకు ఈ పద్ధతి ఏనాడో తెలుసు. కలియుగం మొదలైనట్టుగా లెక్కించే క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18 నుంచి గడిచిన రోజుల మొత్తాన్ని అహర్గణం అన్నారు. గ్రహాల స్థానాలు కట్టడానికి పంచాంగకర్తలు ముందుగా ఆ సంఖ్యను తేల్చుకునేవారు. తిథులు, అధికమాసాలు, క్షయమాసాలు ఎంత చిక్కుగా ఉన్నా అహర్గణంలో చిక్కేమీ ఉండదు, రోజుకు ఒకటి చొప్పున పెరుగుతుందంతే. యూరప్‌లో జోసెఫ్ స్కాలిజర్ 1583లో ప్రతిపాదించిన కాలచక్రం ఆధారంగా ఖగోళ శాస్త్రజ్ఞులు క్రీ.పూ. 4713 జనవరి 1 నుంచి రోజులు లెక్కిస్తారు. యూనిక్స్ సంప్రదాయంలో నడిచే నేటి కంప్యూటర్లు 1970 జనవరి 1ని మూలదినంగా తీసుకున్నాయి. 2000 జనవరి 1 నాటికి కలి అహర్గణం 18,63,079. యూనిక్స్ లెక్కలో అదే రోజు సంఖ్య 10,957. మొదటి రాయి ఎక్కడ నాటినా రెండు ఊళ్ళ మధ్య దూరం మారనట్టే, ఏ మూలదినం నుంచి లెక్కించినా 1953, 1956 తేదీల మధ్య వచ్చేది 1127 రోజులే.

ఇక మిగిలిన పని సంఖ్యను పేరుగా, పేరును సంఖ్యగా మార్చడం. మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండరులో 4తో భాగమయ్యే ఏడు లీపు, అందులో 100తో భాగమయ్యేది కాదు, కానీ 400తో భాగమైతే మళ్ళీ లీపే. ఈ నియమం ప్రకారం 400 ఏళ్ళకు 1,46,097 రోజులు, అంటే సరిగ్గా 20,871 వారాలు. కాబట్టి వారాలతో సహా క్యాలెండరు 400 ఏళ్ళకొకసారి తిరిగి వస్తుంది. నియమం ఇంత చిన్నదైనా దాన్ని సగం గుర్తుంచుకున్న ప్రోగ్రాములు ఎన్నో. 1900 లీపు సంవత్సరం కాదు, అయినా లోటస్ 1-2-3 అనే పాత లెక్కల సాఫ్ట్‌వేర్ దాన్ని లీపుగా తీసుకుంది. దానితో పొత్తు కుదరాలని మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ అదే తప్పును కొనసాగించింది. ఈనాటికీ ఎక్సెల్‌లో 60వ సంఖ్యకు తేదీ అడిగితే, చరిత్రలో ఎన్నడూ లేని 1900 ఫిబ్రవరి 29 వస్తుంది. 2008 డిసెంబరు 31న మైక్రోసాఫ్ట్ వారి జూన్ (Zune) అనే మ్యూజిక్ ప్లేయర్లలో ఒక రకం ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. అది లీపు ఏడాదిలో 366వ రోజు. ఆ సంఖ్యను ఏడాదిగా, రోజుగా విడగొట్టే భాగం ఎక్కడ ఆగాలో తెలియక అక్కడక్కడే తిరుగుతూ ఉండిపోయింది. లోపం రోజుల సంఖ్యలో లేదు, సంఖ్యకు పేరు పెట్టే చోట ఉంది.

నెల అనే సాగే కొలత

రోజు ఒక నిర్ణీతమైన కొలత. నెల అలాంటిది కాదు. 28 నుంచి 31 దాకా సాగుతుంది. అందుకే జనవరి 31కి ఒక నెల కలిపితే ఏ తేదీ వస్తుందన్న ప్రశ్నకు గణితంలో జవాబు లేదు. ఫిబ్రవరి 31 అనే రోజు లేదు కాబట్టి ఎవరో ఒకరు తీర్పు చెప్పాలి. 2025 జనవరి 31కి ఒక నెల కలపమంటే మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ డేటాబేసులు ఫిబ్రవరి 28 అంటాయి. ఎస్‌క్యూలైట్ డేటాబేసును మామూలుగా అడిగినా, పీహెచ్‌పీ భాషలో అడిగినా, జావాస్క్రిప్ట్‌లో నెల అంకెను ఒకటి పెంచినా మార్చి 3 వస్తుంది. ఫిబ్రవరి 31 అంటే 28వ తేదీ దాటి మూడు రోజులని వాటి భావం. వెబ్‌సైటు పీహెచ్‌పీలో, డేటాబేసు మైఎస్‌క్యూఎల్‌లో ఉంటే ఒకే చందాదారుడికి తెర మీద ఒక గడువు తేదీ, ఖాతాలో మరో గడువు తేదీ కనిపించే ప్రమాదముంది. రెండు వైపులా లెక్క వాటి వాటి నియమాల ప్రకారం సరైనదే.

ఈ ప్రశ్న కంప్యూటర్లతో పుట్టింది కాదు. ప్రామిసరీ నోట్లకూ హుండీలకూ వర్తించే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం దీనికి జవాబు రాసిపెట్టింది. నెలల గడువు పెట్టిన పత్రానికి, గడువు ముగిసే నెలలో అదే అంకె గల రోజు లేకపోతే, ఆ నెల చివరి రోజుతో గడువు తీరినట్టని 23వ సెక్షన్ చెబుతుంది. 1878 జనవరి 29 నాటి పత్రానికి నెల గడువు పెడితే అది ఫిబ్రవరి 28తో ముగుస్తుందని, దాని మీద మూడు రోజుల వెసులుబాటు కలుస్తుందని ఉదాహరణ కూడా ఇచ్చింది. అప్పు ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ తగాదా రాకుండా ఒక తీర్పును ముందే ప్రకటించడం దాని ఉద్దేశం. ప్రోగ్రాం రాసేవాళ్ళు చేయాల్సిందీ అదే. నెల కలపడమంటే తమ సంస్థలో అర్థమేమిటో ముందు తేల్చి, అన్ని చోట్లా ఆ ఒక్క నియమాన్నే పాటించాలి.

నెలాఖరుకు కుదించే నియమాన్ని ఎంచుకున్నా ఒక చిక్కు మిగులుతుంది. 2025 జనవరి 31కి నెల కలిపితే ఫిబ్రవరి 28, దానికి మరో నెల కలిపితే మార్చి 28. కానీ జనవరి 31కి ఒకేసారి రెండు నెలలు కలిపితే మార్చి 31. మామూలు సంఖ్యల్లో ఒకటి, మళ్ళీ ఒకటి కలిపినా, రెండు కలిపినా ఒకటే. నెలల కూడికకు ఆ గుణం లేదు. అందువల్ల ప్రతి వాయిదా తేదీని ముందటి వాయిదా నుంచి లెక్కించే సాఫ్ట్‌వేర్‌లో 31వ తేదీ ఖాతాదారుడు ఒక్క ఫిబ్రవరి దాటేసరికి శాశ్వతంగా 28వ తేదీకి జారిపోతాడు. మొదటి తేదీని దాచిపెట్టుకుని, దాని నుంచే ఒకటి, రెండు, మూడు నెలలుగా ప్రతిసారీ లెక్కించడమే సరైన దారి. ఏడాది కలపడానికీ ఇదే వర్తిస్తుంది. 2012 ఫిబ్రవరి 29న మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ అజూర్ దెబ్బతింది. ధ్రువపత్రం చెల్లుబాటు గడువు కోసం ఏడాది అంకెకు ఒకటి కలిపిన ప్రోగ్రాం 2013 ఫిబ్రవరి 29 అనే లేని రోజును పుట్టించింది. ధ్రువపత్రం తయారు కాలేదు, దాని మీద ఆధారపడ్డ యంత్రాలు ఒకదాని వెంట ఒకటి పనిచేయడం మానేశాయి.

క్షణం వేరు, తేదీ వేరు

ఇప్పుడు ఆగస్టు 15 ఎలా 14 అయిందో చూడవచ్చు. ప్రపంచమంతటికీ ఉమ్మడిగా యూటీసీ అనే ప్రమాణ సమయం ఉంది. భారత ప్రమాణ సమయం దానికి ఐదున్నర గంటలు ముందు. కాకినాడకు దగ్గరగా సాగే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం నుంచి వచ్చిన లెక్క అది. జావాస్క్రిప్ట్‌లో డేట్ అనే పాత సాధనానికి కేవలం తేదీ అంటే ఏమిటో తెలియదు. దాని లోపల ఉండేది ఒక క్షణం మాత్రమే, 1970 నుంచి గడిచిన మిల్లీసెకన్ల సంఖ్య. మనం 1998 ఆగస్టు 15 అని ఎంచుకుంటే చాలా ఫారాలు దాన్ని మన దేశంలో ఆ రోజు అర్ధరాత్రి 12 గంటల క్షణంగా మారుస్తాయి. ఆ క్షణాన యూటీసీలో ఇంకా ఆగస్టు 14, సాయంత్రం ఆరున్నర. సర్వరుకు పంపేముందు దాన్ని యూటీసీలో రాసి, సమయం భాగాన్ని కత్తిరించి తేదీని మాత్రం ఉంచితే మిగిలేది 14. అమెరికాలో ఇదే తప్పు ఎదురు దారిలో వస్తుంది. 1998-08-15 అనే రాతను జావాస్క్రిప్ట్ యూటీసీ అర్ధరాత్రిగా చదువుతుంది. డల్లస్‌లో అది 14వ తేదీ సాయంత్రం ఏడు గంటలు. కాబట్టి తెర మీద 14 కనిపిస్తుంది.

పుట్టిన తేదీ క్షణం కాదు. అది క్యాలెండరు పెట్టిన పేరు. మనిషి డల్లస్ వెళ్ళినా దుబాయ్ వెళ్ళినా పాస్‌పోర్టులో అది మారదు. దానికి గంటలు, నిమిషాలు తగిలించడమే అసలు పొరపాటు. డేటాబేసులో దాన్ని సమయం లేని తేదీ రకంగానే దాచాలి, పంపేటప్పుడు ఏడు, నెల, రోజుగానే పంపాలి. డబ్బు చెల్లించిన సమయం అలా కాదు. విశాఖలో ఒకరు పంపి న్యూజెర్సీలో ఒకరు అందుకున్నా అది ఒకే క్షణం. దాన్ని యూటీసీలో దాచి, చూసేవాళ్ళ ఊరి సమయంలోకి మార్చి చూపడం న్యాయం.

అన్నిటినీ యూటీసీలో దాస్తే గొడవ తీరుతుందని చాలామంది వాదిస్తారు. జరిగిపోయిన సంఘటనలకు ఆ మాట సరైనదే. రాబోయే సమావేశాలకు సరిపోదు. మెక్సికో వేసవి సమయాన్ని 2022 అక్టోబరులో దేశంలో అధికభాగానికి రద్దు చేసింది. 2023 జులైలో మెక్సికో సిటీలో ఉదయం పది గంటలకు పెట్టుకున్న ఒక సమావేశాన్ని 2021లోనే యూటీసీలోకి మార్చి దాచి ఉంటే, అప్పటి నియమం ప్రకారం అది 15 గంటలు. రద్దయ్యాక అదే సంఖ్యను వెనక్కి మారిస్తే ఉదయం తొమ్మిది వస్తుంది. మనుషులు పదింటికే వస్తారు, యంత్రం తొమ్మిదింటికే పిలుస్తుంది. భవిష్యత్తు సమయాన్ని ఊరి గడియారం చూపే అంకెతో పాటు ఊరి పేరునూ చేర్చి దాచాలి. ఏ ప్రాంతంలో ఎప్పుడెప్పుడు ఎంత తేడా ఉందో నమోదు చేసే ఉమ్మడి పట్టిక ఒకటి ప్రపంచమంతా వాడుకలో ఉంది. అందులో మన ప్రాంతం పేరు ఏషియా/కోల్‌కతా. మన సమయానికీ అందులో చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 వరకు, భారత గడియారాలు యూటీసీకి ఆరున్నర గంటలు ముందు నడిచాయి. 1944లో పుట్టినవారి తేదీని ఆ పట్టిక ప్రకారం అర్ధరాత్రి క్షణంగా మార్చి దాచి, తిరిగి చూపేటప్పుడు కంటికి అలవాటైన ఐదున్నర గంటలు కలిపితే ముందు రోజు రాత్రి 11 గంటలు వస్తుంది. ఒక వృద్ధుడి పుట్టిన తేదీ యుద్ధకాలపు గడియారం వల్ల ఒక రోజు జరిగిపోతుంది.

మార్చి 31 ఎక్కడ జారిపోతుంది?

డేటాబేసును ప్రశ్నించే చోట మరో రకం పొరపాటు కాపు కాసి ఉంటుంది. మార్చి నెల అమ్మకాలన్నీ చూపమని అడగడానికి చాలామంది మార్చి 1కి, మార్చి 31కి మధ్య అని రాస్తారు. అమ్మకం తేదీని దాచే గడిలో ఉన్నవి ఉత్త తేదీలైతే జవాబు సరిగ్గానే వస్తుంది. సమయంతో కూడిన తేదీలైతే మార్చి 31 అన్న మాటను డేటాబేసు ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి క్షణంగా తీసుకుంటుంది. ఆ తరవాత రోజంతా జరిగిన అమ్మకాలు లెక్కలోకి రావు. మన దేశంలో మార్చి 31 ఆర్థిక సంవత్సరం చివరి రోజు. ఏడాదిలో ఏ రోజు లెక్క తప్పకూడదో ఆ రోజే మొత్తంగా జారిపోతుంది.

దీన్ని సవరించడానికి 31వ తేదీ రాత్రి 11 గంటల 59 నిమిషాల 59 సెకన్ల వరకు అని రాసేవాళ్ళున్నారు. ఆ సెకను మొదలయ్యాక, ముగియకముందు నమోదైన చెల్లింపు అప్పుడూ తప్పిపోతుంది. సెకనులో వెయ్యో వంతులు కూడా చేర్చి 59.999 అని రాస్తే, ఎస్‌క్యూఎల్ సర్వరులోని పాత డేట్‌టైమ్ రకం దాన్ని తనకు తెలిసిన దగ్గరి విలువకు సవరించి ఏప్రిల్ 1 అర్ధరాత్రిగా మార్చేస్తుంది. దానితో తరవాతి రోజు మొదటి క్షణపు లావాదేవీ కూడా మార్చిలో చేరుతుంది. నెలలో చివరి క్షణం ఏదని వెతకడమే అనవసరమైన పని. మార్చి 1తో మొదలై ఏప్రిల్ 1 రాకముందు వరకు అని అడిగితే చాలు. మొదలు కలుపుకుని, చివర వదిలేసే ఇలాంటి కాలాన్ని చివర తెరిచిన అవధి అనవచ్చు. రహదారి మరమ్మతును ఒకరు పదో రాయి దగ్గర మొదలుపెట్టి ఇరవయ్యో రాయికి ముందు ఆపితే, మరొకరు ఇరవయ్యో రాయి నుంచి అందుకుంటే, మధ్యలో ఖాళీ మిగలదు, ఏ ముక్కకూ రెండుసార్లు పని జరగదు. నెలకు 28 రోజులా 31 రోజులా అని చూసుకునే అవసరం కూడా తప్పుతుంది. ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా 1982లో రాసిన ఒక చిన్న వ్యాసంలో సంఖ్యల వరుసలకు ఈ పద్ధతే మేలని తర్కంతో నిరూపించాడు.

ఏడాదిని తేదీలోంచి విడదీసి 2025 అయిన వరుసలన్నీ ఇమ్మని అడగడం చదవడానికి ఇంకా తేలికగా ఉంటుంది కదా అన్న ప్రశ్న రావచ్చు. అర్థం సరిగ్గానే ఉంటుంది. కానీ తేదీల క్రమంలో పేర్చి ఉంచిన సూచిక, అంటే ఇండెక్స్, ఆ ప్రశ్నకు సాధారణంగా ఉపయోగపడదు. సూచికలో ఉన్నవి పూర్తి తేదీలు, అడిగినది వాటి నుంచి లెక్కించిన మరో విలువ. కాబట్టి డేటాబేసు ప్రతి వరుసనూ తీసి ఏడాది విడదీసి చూడాల్సి వస్తుంది. 2025 జనవరి 1 నుంచి 2026 జనవరి 1కి ముందు అని అడిగితే సూచికలో రెండు చోట్లు పట్టుకుని మధ్యలో ఉన్నవి మాత్రమే తెస్తుంది. సరైన అవధి వేగాన్నీ ఇస్తుంది. తేదీలను 15-08-1947 తీరులో ఉత్త అక్షరాలుగా దాచిన చోట ఈ వరుసే కుదరదు. అక్షరక్రమంలో 02-06-2014 దానికి ముందే వచ్చి కూర్చుంటుంది. ఏడు ముందు, నెల తరవాత, రోజు చివర రాయమన్న 1988 నాటి ఐఎస్‌ఓ 8601 ప్రమాణంలో అక్షరక్రమమూ కాలక్రమమూ ఒకటే అవుతాయి. 03/04/2025 మన దగ్గర ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4 కావడమనే గందరగోళం కూడా అక్కడితో పోతుంది.

ఈ రోజు అమ్మకాలు అనే ప్రశ్నలో ఈ రోజు ఎవరిదన్నదీ తేల్చుకోవాలి. యూటీసీలో నడిచే డేటాబేసులో కొత్త తేదీ మన గడియారంలో ఉదయం ఐదున్నరకు మొదలవుతుంది. అర్ధరాత్రి నుంచి అప్పటిదాకా వచ్చిన ఆర్డర్లు నిన్నటి ఖాతాలో పడతాయి. అవధి మొదటి అంచును, చివరి అంచును మన అర్ధరాత్రుల నుంచి లెక్కించి యూటీసీలోకి మార్చాకే అడగాలి.

లైబ్రరీలు ఉండగా ఇదంతా ఎందుకు?

ఈ లెక్కలన్నీ చేసిపెట్టే సిద్ధమైన లైబ్రరీలు ఉండగా ప్రోగ్రాం రాసేవాళ్ళకు ఈ వివరాలెందుకన్నది బలమైన అభ్యంతరమే. సొంతంగా లీపు నియమం రాసుకోవడం కంటె పరీక్షకు నిలిచిన లైబ్రరీ వాడటమే మేలు. అయితే మంచి లైబ్రరీలు సాగిన దిశను గమనించాలి. 2014లో వచ్చిన జావా 8 పాత డేట్‌ను పక్కన పెట్టి, ఉత్త తేదీకి ఒక రకం, క్షణానికి ఒక రకం, ఊరి పేరుతో కూడిన సమయానికి ఒక రకం ప్రవేశపెట్టింది. జావాస్క్రిప్ట్‌కు రూపొందించిన టెంపొరల్ కూడా అదే విభజనను పాటిస్తుంది. ఈ లైబ్రరీలు మన బదులు ఆలోచించవు. మీకు కావలసినది ఏ రకమని మనల్నే అడుగుతాయి. ఆ ప్రశ్నకు జవాబు దరఖాస్తులో, చట్టంలో, వ్యాపార నియమంలో ఉంటుంది గాని కోడ్‌లో ఉండదు.

క్యాలెండరునే సంస్కరించి, నెలలన్నీ సమానం చేసి, ప్రపంచానికంతా ఒకే సమయం పెడితే పోదా అన్నది రెండో అభ్యంతరం. ఋతువుల సంవత్సరానికి సుమారు 365.2422 రోజులు. ఆ భిన్నాన్ని ఏ సభా తీర్మానమూ పూర్ణసంఖ్యగా చేయలేదు కాబట్టి లీపు వంటి సవరణ ఏదో ఒక రూపంలో మిగిలే తీరుతుంది. భూమి గుండ్రంగా ఉన్నంతకాలం ఒకచోట ఉదయం, మరొకచోట రాత్రి తప్పవు. పాత తేదీలు పాత నియమాల్లోనే రాసి ఉంటాయి కనుక ఎంత సంస్కరించినా వాటిని చదవక తప్పదు.

ఈ జాగ్రత్తకు గడువు కూడా దగ్గర పడుతోంది. 1970 నుంచి సెకన్లను 32 బిట్ల గడిలో లెక్కించే పాత వ్యవస్థలకు 2038 జనవరి 19న, మన సమయం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు, గడి నిండిపోతుంది. మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ అనే రకానికి అదే సరిహద్దు. 2020లో తీసుకున్న ఇరవై ఏళ్ళ గృహరుణానికి చివరి వాయిదాలు ఆ సరిహద్దుకు అవతల ఉన్నాయి, వాటిని ఈనాడే లెక్క కట్టి చూపాలి. తేదీల గడి తెరిచిన ప్రతిసారీ మూడు ప్రశ్నలు అడిగితే చాలా అనర్థాలు తప్పుతాయి. ఇక్కడ దాస్తున్నది రోజుల లెక్కా, క్యాలెండరు పేరా, క్షణమా? నెల కలపడమంటే మన నియమమేమిటి? రోజు ఎవరి అర్ధరాత్రితో మొదలవుతుంది? పింఛను అర్హత, పరీక్షకు వయోపరిమితి, రుణ వాయిదా, ఏడాది చివరి పద్దు ఈ జవాబుల మీదే నడుస్తాయి. ఒక్క రోజు తేడా యంత్రానికి చిన్న సంఖ్య, అవతల ఉన్న మనిషికి మాత్రం చేజారిన అవకాశం కావచ్చు. అందుకే ఈ ప్రశ్నలకు జవాబులు ముందే కాగితం మీద రాసిపెట్టుకోవడం ప్రోగ్రాం రాసేవాళ్ళ బాధ్యత.